ప్రాణం దక్కింది సరే, ఆ తర్వాత?

రాష్ట్ర ఉన్నత విద్య, వైద్య ఆరోగ్య, దివ్యాంగుల సంక్షేమ శాఖల అధికారులకు, యూనివర్సిటీల రిజిస్ట్రార్లకు, ఇంజనీరింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు ఒక తండ్రి రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. ఈ లేఖలోని సంగతులు మీకు కొత్త కాదు. ఇవే సంగతులు ఇప్పటికే మూడు అర్జీలుగా మీ ఆఫీసులకు చేరాయి. ఒకటి కాలేజీ ద్వారా యూనివర్సిటీకి పంపాను, మిగతా రెండూ సోమవారం గ్రీవెన్సులో ఇచ్చాను. మొదటిదానికి జవాబే లేదు. మిగతా రెండింటికీ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని. ఏం పరిష్కరించారో కనుక్కుందామని వెళ్లాను. సంబంధిత శాఖకు పంపేశారట, పంపడమే పరిష్కారమట. అందుకే ఈసారి కవర్లో పెట్టకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను ఇన్సూరెన్స్ ఏజెంటుని. ఇరవై రెండేళ్లుగా ఊరూరూ తిరిగి, ‘రేపు ఎలా ఉంటుందో ఎవరు చూశారండీ’ అని చెప్పి జనం చేత పాలసీలు కట్టించినవాణ్ణి. ఆ రేపు మా ఇంటికే వచ్చింది.

2023 నవంబరు. మావాడికి అప్పుడు పందొమ్మిదేళ్లు, బీటెక్ రెండో సంవత్సరం. స్నేహితుడి బంధువుల పెళ్లి చూసుకుని నలుగురు కుర్రాళ్లు కారులో తిరుగు ప్రయాణమయ్యారు. తెల్లవారుజాము మూడున్నరకి, వెనక లైటు గానీ రిఫ్లెక్టరు గానీ లేకుండా హైవే పక్కన ఆపి ఉన్న లారీని గుద్దుకున్నారు. మావాడు వెనక సీట్లో నిద్రలో ఉన్నాడు. బెల్టు పెట్టుకోలేదు. ఈ మాట దాచి మిగతావి చెప్పడం నాకు ఇష్టం లేదు. వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలని రూలు ఉంది. ఆ రూలు నాకు తెలుసు. వాడికి నేనెప్పుడూ చెప్పలేదు.

అటుగా వెళ్తున్న పాల వ్యాను డ్రైవరు ఆగి 108కి ఫోన్ చేశాడట. అంబులెన్సు వచ్చేదాకా మావాడి తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడట. ఇలా సాయపడినవాళ్లని పోలీసులు, ఆసుపత్రులు ఇబ్బంది పెట్టకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ చేర్చారు. ఆయన ఆ చట్టం చదివి ఆగి ఉంటాడని నేననుకోను. పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరుగారు బయటికొచ్చి ‘ఆరు’ అన్నారు. మనిషికి స్పృహ ఎంత ఉందో కొలిచే స్కోరు అది. పూర్తి మెలకువలో ఉంటే పదిహేను, అసలు స్పందనే లేకపోతే మూడు. ఎనిమిది, అంతకన్నా తక్కువ వస్తే తీవ్రమైన దెబ్బ కింద లెక్క. ఇంటర్లో తొమ్మిది వందల పైన తెచ్చుకున్న పిల్లాడికి పదిహేనుకి ఆరు.

మెదడు వాచిపోతోందని పుర్రెలో ఎడమవైపు ఎముక ఒక చెక్క తీసి, పాడవకుండా వాడి పొట్ట చర్మం కిందే దాచారు. ఎవరూ అటువైపు నొక్కకుండా తల బ్యాండేజీ మీద స్కెచ్ పెన్నుతో ‘నో బోన్’ అని రాశారు. నాలుగు నెలల తర్వాత ఆ చెక్కని మళ్లీ తలకి అమర్చారు. అప్పటిదాకా వాడికి లుంగీ కట్టేటప్పుడల్లా పొట్ట మీద ఆ గట్టి చోటు తగిలి మా ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకునేది.

పదకొండో రోజున కళ్లు తెరిచాడు. ముప్పై నాలుగో రోజున ఇంటికి తెచ్చుకున్నాం. చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, ‘ప్రాణం దక్కింది, అదే పదివేలు.’ మేమూ అదే అనుకున్నాం. చెప్పొద్దూ, ఆ రోజుకి ఆ మాట నిజమే. నా గొడవల్లా మీ శాఖల రూళ్లన్నీ కూడా ఆ మాట దగ్గరే ఆగిపోయాయని.

డిశ్చార్జ్ కార్డులో చివరి లైను నాకు కంఠతా వచ్చు. ‘పేషెంట్ స్టేబుల్. రెండు వారాలకు రివ్యూ. ఫిజియోథెరపీ.’ ఆ చివరి ముక్క ఎక్కడ చేయించాలి, ఎన్నాళ్లు చేయించాలి, డబ్బు ఎవరిస్తారు, ఇవేవీ అందులో లేవు. ఆపరేషనుకీ ఐసీయూకీ అప్పటి ఆరోగ్యశ్రీ కొంత ఆదుకుంది, కాదనను. ఇంటికొచ్చిన మర్నాటి నుంచి ప్రతి రూపాయీ మాదే. ఫిజియో ఇంటికి వచ్చి చేస్తే రోజుకి ఐదొందలు. ఆదివారాలు తీసేస్తే నెలకి పదమూడు వేలు. మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టు ఉన్నది తొంభై కిలోమీటర్ల అవతల. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, ఉద్యోగం మానేసింది. ఒళ్లు పుండ్లు పడకుండా రాత్రిళ్లు రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచి వాణ్ణి పక్కకి తిప్పేది. ముక్కు గొట్టంలోంచి రాగిజావ పోసేది. మాట వచ్చిన కొత్తలో వాడు ఫ్యానుని చూపించి ‘గడియారం’ అనేవాడు. తప్పు చెప్పానని వాడికి తెలుస్తుంది, సరైన మాట మాత్రం నోటికి రాదు. మొదట్లో నవ్వేవాడు. తర్వాత తర్వాత కంచం విసిరేసేవాడు.

గారాబం ఎక్కువైందని చుట్టాలు అన్నారు. నేనూ ఒకసారి చెయ్యెత్తాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

2024 మేలో రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రి పునరావాస కేంద్రానికి తీసుకెళ్లాం, ఆరు వారాలు ఉన్నాం. కోపాన్ని ఆపే బ్రేకు నుదుటి వెనక ఉంటుందని, అక్కడ దెబ్బ తగిలితే ఆ బ్రేకు సరిగా పడదని, ఓపిగ్గా నేర్పితే చాలావరకు దారిలోకి వస్తుందని చెప్పే మనిషి మాకు అక్కడే దొరికారు. అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మా ఆవిడ ఆ కుర్చీలోనే ఏడ్చేసింది. ఇంటికెళ్లాక చేయమన్న వ్యాయామం ఏమిటో తెలుసా? చాటలో కందులు, పెసలు, బొబ్బర్లు కలిపి పోసి కుడిచేత్తో వేరు చేయించడం. మొదట్లో గుప్పెడు గింజలకి నలభై నిమిషాలు పట్టేది, ఇప్పుడు తొమ్మిది. చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు, ముంజేతి దగ్గర గుండీ ఒక్కటి తప్ప.

ఆ పునరావాస కేంద్రం ఎలా పుట్టిందో కూడా అక్కడే విన్నాను. మేరీ వర్గీస్ అని ఒక యువ డాక్టరు ఉండేవారు. 1954లో తోటి డాక్టర్లతో వాహనంలో వెళ్తుంటే ప్రమాదం జరిగి నడుము కింద చచ్చుబడిపోయింది. అయితే అక్కడి సర్జన్ పాల్ బ్రాండ్ ఆమెని ఇంటికి పంపలేదు. కూర్చుని చేయగల ఆపరేషన్ల వైపు మళ్లించారు. చక్రాల కుర్చీలోంచే ఆమె కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు, విదేశాలకి వెళ్లి పునరావాస వైద్యం చదివొచ్చారు. 1966లో ఆ కేంద్రం మొదలైంది. 1972లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది. ఎప్పుడో డెబ్బై ఏళ్ల కిందట ఒక పెద్దాయన ‘నీ ఒంటికి తగ్గట్టు పని మారుద్దాం’ అన్నాడు. ఈ రోజు మా కాలేజీ ఆఫీసులో నాకు వినపడనిది ఆ మాటే.

కేంద్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది, గాయపడినవాళ్లు 4,43,366 మంది. పోయినవాళ్లలో మూడింట రెండొంతులు 18 నుంచి 45 ఏళ్లవాళ్లే. గాయపడినవాళ్లలోనూ కుర్రాళ్లు తక్కువేం ఉండరు. వాళ్లలో ఎంతమంది మళ్లీ చదువుకో పనికో వెళ్లగలిగారో చెప్పే గడి ఆ పట్టికల్లో నాకు కనపడలేదు. ఆ గడిలో ఉండాల్సినవాళ్ల తరఫున కొన్ని విషయాలు మీ ముందు పెడుతున్నాను.

1. హాజరు

ప్రమాదం జరిగిన ఏడాది డిటైన్ అయినందుకు, అంటే హాజరు చాలక ముందుకు పంపనందుకు, మాకు ఫిర్యాదు లేదు. మంచం మీద ఉన్నవాడు క్లాసుకి ఎలా వెళ్తాడు? 2024లో మళ్లీ రెండో సంవత్సరంలోనే చేరాడు. మొదటి సెమిస్టర్ ఎలాగో గట్టెక్కాడు. రెండో సెమిస్టర్లో, అంటే 2025లో, మళ్లీ డిటైన్ చేశారు. హాజరు 61 శాతం. నిబంధన మీకు తెలిసిందే. 75 ఉండాలి. అనారోగ్యమైతే పది శాతం దాకా మినహాయిస్తారు. 65కి ఒక్క పాయింటు తగ్గినా ఏ కారణం చెప్పినా ఒప్పుకోరు.

ఆ సెమిస్టర్లో వాడు అసలు కాలేజీకి వెళ్లని రోజులు ఆరు, ఫిట్స్ వచ్చినందువల్ల. మిగతా అన్ని రోజులూ వెళ్లాడు. ఇబ్బందల్లా మధ్యాహ్నం నుంచి. ఒంటిగంట దాటితే తల మొరాయిస్తుంది. లెక్చరర్ గొంతు వినపడుతుంది గానీ మాటలు అతకవు. డాక్టరుగారు చెప్పిన పోలిక పాత ఫోన్ బ్యాటరీ. పొద్దున్న నూరు చూపిస్తుంది, రెండు కాల్స్ మాట్లాడేసరికి ఇరవైకి పడిపోతుంది. పడుకుని లేస్తే మళ్లీ ఎక్కుతుంది. రోజుకి ఏడు పీరియడ్లలో నాలుగే వినగలిగితే 57 శాతం. ల్యాబులున్న రోజుల్లో కళ్లు మూతలు పడుతున్నా కూర్చుని ఆ 61 దాకా లాక్కొచ్చాడు. సినిమాకెళ్లి క్లాసులు ఎగ్గొట్టినవాడికి పెట్టిన గీత, వీడికీ అదే గీత.

‘సగం రోజు వస్తే ఎలాగండీ, పూర్తిగా తగ్గాక పంపించండి’ అన్నారు ఆఫీసులో. మర్యాదగానే అన్నారు. కానీ పూర్తిగా తగ్గడం అన్నది ఉంటుందో లేదో డాక్టర్లే చెప్పడం లేదు. తొలి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుందని, ఆ తర్వాత నెమ్మదిగా ఏళ్ల తరబడి సాగుతుందని మాత్రం చెప్పారు. పొద్దున్నే లేవడం, బస్సెక్కడం, పక్కవాడితో మాట్లాడటం, విన్నది రాసుకోవడం, ఇవన్నీ వాడికి మందు లాంటివే. ఇంట్లో కూర్చోబెడితే ఆ మందు ఆపేసినట్టు.

ప్రభుత్వ ఉద్యోగి సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం తీసేయకూడదని, చేయగలిగిన పనిలోకి మార్చాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్లో ఉంది. చదువు మధ్యలో వైకల్యం వచ్చినవాడి గురించి మీ హాజరు నిబంధనల్లో ఒక్క వాక్యం లేదు. నాలుగేళ్ల బీటెక్‌ని ఎనిమిదేళ్లలోపు పూర్తిచేసుకోవచ్చని చాలా యూనివర్సిటీలు ఇప్పటికే ఒప్పుకుంటున్నాయి. అంటే ఏళ్లు ఇస్తున్నారు. ఒక సెమిస్టర్లో సగం సబ్జెక్టులే తీసుకుంటానంటే మాత్రం ఇవ్వడం లేదు. మేం అడిగేది అదే. మెడికల్ బోర్డు చెప్పిన విద్యార్థికి సెమిస్టర్‌ని రెండు ముక్కలు చేసుకునే వీలు ఇవ్వండి. అతను నమోదైన సబ్జెక్టులకే హాజరు లెక్కించండి. మార్కుల్లో ఒక్కటి కూడా కలపమనడం లేదు.

2. పరీక్షలో అదనపు సమయం, సర్టిఫికెట్ తంటా

వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో వాడి నడక చూశారు, కుడిచేతి పట్టు చూశారు. 32 శాతం రాశారు. జనవరి నుంచి డిసెంబరు దాకా నెలలు చెప్పమన్నారు, చెప్పాడు. ‘మెదడు బాగానే ఉందే’ అన్నారు. నెలలు చిన్నప్పుడు నేర్చుకున్నవి, అవి ఎక్కడికీ పోలేదు. పొద్దున్న ఏం తిన్నావని అడిగి ఉంటే తెలిసేది. మా వంటింటి తలుపుకి దారం కట్టి ఒక నోటుబుక్కు వేలాడదీశాం. టిఫిన్, మందులు, ఎవరు వచ్చారు, ఏం చెప్పారు, అన్నీ అందులో రాసుకుంటాడు. క్యాంపులో ఆ పుస్తకం చూపించబోతే అవసరం లేదన్నారు.

చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. పార్కిన్సన్స్ ఉంది, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. తలకి దెబ్బ తగిలి మెదడు పనితీరు తగ్గితే దానికంటూ విడిగా పేరు లేదు. చెయ్యి కింద కొంత, మాట కింద కొంత ముక్కలుగా కొలవాలి, లేదా వదిలేయాలి. మా విషయంలో వదిలేశారు. 40కి తక్కువ కాబట్టి పరీక్షలో అదనపు సమయం లేదన్నారు.

ఇది చట్టం ప్రకారం కూడా నిలిచే మాట కాదు. రాయడంలో నిజంగా ఇబ్బంది ఉన్నవాళ్లకి 40 శాతం లేదన్న కారణంతో సహాయకుణ్ణి నిరాకరించకూడదని వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో చెప్పింది. 40 కన్నా తక్కువ ఉన్నవాళ్ల కోసం కేంద్రం 2022 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చింది. గంటకి కనీసం ఇరవై నిమిషాలు అదనం. మూడు గంటల పేపరుకి ఇంకో గంట. ఆ కాగితాలు ప్రింటు తీసి పట్టుకెళ్లాను. ‘మాకు యూనివర్సిటీ నుంచి సర్క్యులర్ రావాలి’ అన్నారు. రిజిస్ట్రార్ గారూ, ఆ సర్క్యులర్ ఒక్క పేజీ. ఈ పరీక్షలకి ముందే పంపించండి. వైద్య ఆరోగ్య, సంక్షేమ శాఖలకి ఇంకో మాట. తల దెబ్బ తగిలినవాళ్లు సదరం క్యాంపుకి వస్తే జ్ఞాపకం, ఏకాగ్రత పరీక్షించే సైకాలజిస్టు అక్కడ ఉండేలా చూడండి. జాబితాలో కొత్త వైకల్యాన్ని చేర్చే అధికారం కేంద్రానికి ఉంది, చేర్చమని రాష్ట్రం రాయొచ్చు.

3. ఫీజు

మళ్లీ చదివే ఏడాదికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్నారు. పిల్లాడు తప్పి చదవడం వేరు, మంచం పట్టి చదవడం వేరు. వైద్య కారణంతో పోయిన ఏడాదిని లెక్కలోంచి తీసేయండి. దీనికి ఇంతకన్నా వివరించాల్సింది ఏమీ లేదు.

4. ఇంటికి దగ్గర్లో థెరపీ

వేలూరులో ఆరు వారాల్లో నేర్పింది ఇంటికొచ్చాక ఏళ్ల తరబడి చేయించాలి. మా జిల్లాలో ఫిజియో, స్పీచ్ థెరపీ, చేతి పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, కౌన్సెలింగ్, ఈ నాలుగూ ఒకచోట దొరికే సర్కారీ కేంద్రం లేదు. కొత్త భవనాలు కట్టమని నేనడగడం లేదు. శంకుస్థాపన రాళ్లు మా ఊళ్లో ఇప్పటికే రెండు ఉన్నాయి.

మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. మా ఊరి కేంద్రంలో గోడ పట్టుకుని నడిచే కమ్మీలున్నాయి, పెద్ద బంతులున్నాయి, వారంలో ఒకరోజు ఫిజియోథెరపిస్టు వస్తారు. మా ఇంటికి అర కిలోమీటరు. మావాణ్ణి తీసుకెళితే అక్కడి టీచరమ్మ లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చి, ‘బడి పిల్లలకేనండీ, పద్దెనిమిది దాటితే మాకు రాసుకునే కాలమ్ లేదు’ అని చెప్పింది. ఆమె తప్పేం లేదు. మిగతా ఐదు రోజులూ ఆ బంతులు మూలన ఉంటున్నాయి. వారంలో ఇంకో రోజు, మధ్యాహ్నం పూటైనా సరే, 18 నుంచి 30 ఏళ్ల ప్రమాద బాధితులకి ఆ తలుపు తెరవండి. ఫిజియోకి ఆ ఒక్క పూట జీతం ఇవ్వండి. మేం నెలకి పెడుతున్న పదమూడు వేలతోనే ఇలాంటివాళ్లు పదిమందికి జరిగిపోతుంది.

అలాగే ఆరోగ్యశ్రీ పేరు మారిన వైద్య సేవ ప్యాకేజీల్లో ఆపరేషనుకి రేటు ఉన్నట్టు, డిశ్చార్జ్ తర్వాత ఆరు నెలల థెరపీకీ ఒక రేటు కట్టండి. లక్షలు పోసి తల ఆపరేషన్ చేయించి, వేలకి వెనకాడి చెయ్యి బిగుసుకుపోనివ్వడం ఏం పొదుపో నాకు అర్థం కాలేదు.

5. ఏడు రోజుల లెక్క

2025 మే 5న కేంద్రం ప్రమాద బాధితుల నగదు రహిత చికిత్స పథకాన్ని నోటిఫై చేసింది. మనిషికి లక్షన్నర దాకా, ప్రమాదం రోజు నుంచి ఏడు రోజుల వరకు. మాకు ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చినా, మంచి పథకం. కొన ఊపిరితో వచ్చినవాణ్ణి డబ్బు కట్టమని గుమ్మంలో ఆపకుండా చూస్తుంది. కానీ మావాడు కళ్లు తెరిచింది పదకొండో రోజున. ఆ ఏడు రోజులకి ఎనిమిదో రోజుకి మధ్య వంతెన రాష్ట్రం వేయాలి. ఏడో రోజు దాటగానే రాష్ట్ర పథకంలోకి కేసు దానంతటదే మారిపోవాలి. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని తండ్రి ఐసీయూ ముందు నుంచి కౌంటర్‌కి, కౌంటర్ నుంచి జిరాక్సు షాపుకి పరిగెత్తే పరిస్థితి ఉండకూడదు. నేను పరిగెత్తాను. ఆ సమయంలో డాక్టరుగారు ఒకసారి బయటికొచ్చి నా కోసం అడిగారట, నేను జిరాక్సు దగ్గర లైన్లో ఉన్నాను.

6. నష్టపరిహారం కేసు

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ప్రమాదం గురించి పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలి. మాకు మొదటి వాయిదా పడేసరికే పది నెలలు. చికిత్సకి డబ్బు కావాల్సింది మొదటి ఏడాదిలో. తీర్పు వచ్చేది ఎప్పటికో. ఈ లోపల మా ఆవిడ జీతం పోయింది, నా కమిషన్ సగానికి పడిపోయింది, మా మామగారిచ్చిన అర ఎకరం అమ్మేశాం. కాజల్ అనే పాప కేసులో 2020లో సుప్రీంకోర్టు, బాధితులకి జీవితాంతం తోడు ఉండాల్సిన మనిషి ఖర్చుని కూడా లెక్కగట్టి ఇప్పించింది. అలా తోడుండే మనిషి చాకిరీకి వెల ఉందని కోర్టే ఒప్పుకున్నాక, నివేదికలు సమయానికి పంపడం దగ్గర మన దగ్గర ఎందుకు ఆగుతోంది?

ఇక్కడ ఒక సొంత విషయం. కారు నడిపిన అబ్బాయి మావాడికి ఆరో తరగతి నుంచి స్నేహితుడు. అతని చెయ్యి విరిగింది, అతుక్కుంది. కేసులో ఆ కారు యజమానిని, లారీ యజమానిని, రెండు బీమా కంపెనీలనీ ప్రతివాదులుగా పెట్టాల్సి వచ్చింది. కాగితంలో ఆ అబ్బాయి ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ నడిపాడని రాయక తప్పదన్నారు లాయరుగారు. ఇన్నేళ్లు ఈ రంగంలో ఉన్నవాణ్ణి, అది ఫారంలో రాసే మాట అని నాకు తెలుసు. అయినా సంతకం దగ్గర చెయ్యి ఆడలేదు. నోటీసు వెళ్లిన రోజు నుంచి ఆ కుటుంబం మాతో మాట్లాడటం లేదు. మావాడికి కొత్త సంగతులు నిలవవు గానీ పాతవి గట్టిగా ఉన్నాయి, ఆ పాతవాటన్నిటిలో ఆ అబ్బాయే ఉన్నాడు. రోజుకి రెండుసార్లు అడుగుతాడు, ‘వాడెందుకు రావట్లేదు నాన్నా’ అని.

బాబూ, ఇది నీ కంట పడితే ఒకసారి ఇంటికి రా. డబ్బు కట్టాల్సింది కంపెనీలు, నువ్వు కాదు. నీకు నిద్ర పడుతోందో లేదో ఈ రెండేళ్లలో ఎవరైనా అడిగారా?

ఇక కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లకి రెండు ముక్కలు. సర్క్యులర్ అక్కర్లేని పనులు కొన్ని మీ చేతుల్లోనే ఉన్నాయి. మావాడి సెక్షన్‌కి వచ్చే ఒక మేడమ్ బోర్డు ఫోటో తీసుకోనిస్తారు, క్లాసు అయ్యాక చెప్పినదాన్ని రెండు వాక్యాల్లో వాడితో తిరిగి చెప్పిస్తారు. ఆమె సబ్జెక్టులో వాడు పాసయ్యాడు. ఇంకో సారు, అందరి ముందు లేపి నిలబెట్టి ప్రశ్న అడిగి, జవాబు నోటికి రాక వాడు తడబడుతుంటే ‘చూడ్డానికి బాగానే ఉన్నావుగా’ అన్నారు. జుట్టు పెరిగి కుట్లు కప్పేశాయి, నిజమే, చూడ్డానికి బాగానే ఉంటాడు. ఆ రోజు నుంచి వాళ్ల అమ్మని జుట్టు కత్తిరించమని అడుగుతున్నాడు, మచ్చ కనపడేలా.

అధికారులకి చివరిగా. హాజరు, అదనపు సమయం, ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు. సంతకం చాలు. వాటిని ఈ నెలలో తేల్చండి. భవిత కేంద్రాల విషయం, థెరపీ ప్యాకేజీ, ఫీజు, వీటికి వచ్చే బడ్జెట్ దాకా ఆగుతాం. ఈసారి జవాబుగా మెసేజ్ వద్దు, సంతకం ఉన్న కాగితం కావాలి. కాదంటే కాదనే రాయండి, ఏ నిబంధన ప్రకారం కాదో కూడా రాయండి. దాన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో నేను చూసుకుంటాను.

వచ్చే సెమిస్టర్ మొదలయ్యే రోజున మావాడు ఎప్పట్లాగే ఏడున్నర బస్సెక్కుతాడు. ఒంటిగంటన్నరకి నేను కాలేజీ గేటు దగ్గర స్కూటర్ మీద ఉంటాను. ఆ మధ్యాహ్నం హాజరు పట్టీలో వాడి పేరు ఎదురుగా ఏం వేయాలో ఈలోగా మీరు తేల్చండి.

ఇట్లు,
ఒక బీటెక్ విద్యార్థి తండ్రి